బ్లాసమ్‌కు నాలుగే వాక్యాలా?

హన్మకొండ

బిడ్డా,

నీ కవరు శుక్రవారం అందింది. చేత్తో రాసిన వ్యాసం పోస్టులో వచ్చి ఎన్నేండ్లయిందో, విప్పుతుంటేనే సంతోషమైంది. పదహారు పేజీలు, ఎడమ దిక్కు గీత కొట్టిన మార్జిను, పైన ఎర్ర ఇంకుతో ‘పవర్‌పఫ్ గర్ల్స్: అభిమానుల అభిప్రాయాలు’ అని శీర్షిక. టీవీ కార్టూన్‌లో ఎగిరే ఆ ముగ్గురు ఆడపిల్లలు, బ్లాసమ్, బబుల్స్, బటర్‌కప్, వాళ్ల గురించి మీ హాస్టలు పిల్లలు చెప్పిన మాటలు. లేవకుండ మొత్తం చదివిన. తెల్లారి పెన్సిలు పట్టుకొని మళ్లా చదివిన. వ్యాసానికి పిన్ను కొట్టిన చిన్న ఉత్తరం ఉన్నది చూడు, దాన్నైతే మూడుసార్లు చదివిన. దాని సంగతి ఆఖర్న చెప్త. ఇంకొకటి, మేడం అని రాసినవు. పెద్దమ్మా అని పిలువు. పరకాలల బస్సెక్కితే హన్మకొండ ఎంత దూరం? మన నడుమ మేడం ఎందుకు?

రెండు ప్రశ్నలడిగినవు. ఇది అచ్చుకు పనికొస్తదా అన్నది ఒకటి. కార్టూన్ల మీద రాసేది అసలు రాతేనా అన్నది రెండోది. రెండోదే నిన్ను ఎక్కువ తొలుస్తున్నదని నీ కాగితమే చెప్తున్నది. కొట్టివేతలన్నీ అక్కడనే ఉన్నయి.

రాతే. అనుమానం పెట్టుకోకు. మా అమ్మమ్మ ఊళ్లో ఏటా కొమురవెల్లి మల్లన్న కథ చెప్పించేది. ఒగ్గువాళ్లు రాత్రంతా డోలు కొట్టి కథ చెప్తే, తెల్లారి బావికాడ ఆడోళ్లు నీళ్లు చేదుకుంట కొట్లాడుకునేది. మల్లన్న భార్యలిద్దరిలో మేడలమ్మది న్యాయమని సగం మంది, గొల్ల కేతమ్మ చేసిన తప్పేందని సగం మంది. మా అమ్మమ్మ కేతమ్మ దిక్కు. ఆమె మాట్లాడుతుంటే కేతమ్మ మా వెనకింట్లనే కాపురముంటున్నదేమో అనిపించేది. ఆ బావికాడి మాటలను ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టి ఉంటే మన ఊళ్లలో ఆడవాళ్లు పెండ్లి గురించి, సవతి గురించి, ఆస్తి గురించి ఏమనుకున్నరో మనకు ఈరోజు తెలిసేది. మీ హాస్టల్లో మంచాల మీద కూర్చొని, బబుల్స్ గొప్పదా బటర్‌కప్ గొప్పదా అని అర్ధరాత్రి దాకా వాదించుకున్న పిల్లలు ఆ బావికాడి ఆడోళ్ల మునిమనుమరాండ్లు. వాళ్ల మాట రాసిపెట్టాలన్న బుద్ధి నీకు పుట్టింది చూడు, దానికి నిన్ను మెచ్చుకుంటున్న.

ఇక వ్యాసం సంగతి. ఇప్పుడున్నట్టుగా అయితే అచ్చుకు పంపకు. ఎందుకో చెప్త, ఓపిక పట్టి విను.

మొదటి వాక్యం కొట్టేయి. ‘రుద్రమదేవి ఏలిన నేల, సమ్మక్క సారలమ్మలు పోరాడిన గడ్డ, ఇక్కడి ఆడపిల్లలకు వీరత్వం కొత్త కాదు’ అని మొదలుపెట్టినవు. అందులో అబద్ధమేం లేదు. కానీ వరంగల్ నుంచి ఎవరు ఏది రాసినా ఆ గుమ్మంలో నుంచే లోపలికి వస్తున్నరు. చీరల దుకాణం ప్రారంభోత్సవానికి అదే, బడి వార్షికోత్సవానికి అదే. రుద్రమను అంత చిన్న పనికి పిలవద్దు. పైగా నీ వ్యాసంలో ఆమెకు ఆ వాక్యం దాటినంక మళ్లా పనే లేదు. వెయ్యి స్తంభాల గుడి నీడలో పుట్టినా, టీవీ ముందు కూర్చున్న పిల్లకు ఆ గడియలో గుర్తుండేది టీవీలో ఎగిరే పిల్లే.

రెండో పేజీ నిండ తారీఖులున్నయి. అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్‌లో 1998 నవంబరు 18న మొదలైంది, 2005 దాకా నడిచింది, 78 ఎపిసోడ్లు, నడుమ 2002లో సినిమా. అన్నీ సరిగ్గనే ఉన్నయి, వెతికి రాసినవని తెలుస్తున్నది. కానీ ఒకదాని కింద ఒకటి పెడితే అవి రేషను కార్డు మీది పేర్ల లెక్క ఉంటయి. వాటిలో ఒక్కటి మాత్రం నిజంగ కథ, దాన్ని నువ్వు అర వాక్యంలో తొక్కి పోయినవు. ఈ కార్టూన్ తీసిన క్రెయిగ్ మెక్‌క్రాకెన్, కాలిఫోర్నియాలో కాల్‌ఆర్ట్స్ అనే కళల కాలేజీలో చదువుకుంటున్నప్పుడు, 1991లో, వాళ్ల అన్నదమ్ముని పుట్టినరోజు కార్డు కోసం చిన్న కాగితం మీద ముగ్గురు పిల్లల బొమ్మ గీసిండు. పెద్ద పెద్ద కండ్లు, ముక్కు లేదు, వేళ్లు లేవు. అక్కడ పుట్టిన్రు ఆ ముగ్గురు. తర్వాతి ఏడాది కాలేజీలో చిన్న సినిమా తీసిండు. అప్పటి పేరు పిల్లల టీవీకి పనికిరాని మోటు పేరు, తర్వాత మార్చిన్రు. సీరియల్ అయి ఇంటింటికి రావడానికి ఇంకో ఆరేండ్లు పట్టింది. నువ్వు మూడు నెలలు రాసి ‘ఇంక నాతో కాదు’ అంటున్నవు గదా, అందుకని ఈ ఆరేండ్లు నీకు ప్రత్యేకంగ గుర్తు చేస్తున్న.

మూడో పేజీకి వచ్చేసరికి చదివేటోళ్లందరికీ ఈ కథ తెలుసన్నట్టు రాసినవు. తెల్వదు. మా ఇంటిపక్క మగ్గం నేసే పెద్దాయన కూడ చదవాలె నీ వ్యాసం. ఆయనకు ఐదు వాక్యాల్లో చెప్పు. టౌన్స్‌విల్ అని ఒక పట్నం. అక్కడ యుటోనియం అనే ప్రొఫెసరు, చక్కెర, మసాలా, లోకంలోని మంచివన్నీ కలిపి మంచి ఆడపిల్లలను తయారుచేద్దామనుకున్నడు. ఆయన దగ్గరున్న చింపాంజీ తోసిన తోపుకు కెమికల్ ఎక్స్ అనే మందు సీసా పగిలి అందులో కలిసింది. ముగ్గురు పిల్లలు పుట్టిన్రు, గాల్లో ఎగురుతరు, కొండలు పగలగొడుతరు, పొద్దున మాత్రం మిస్ కీన్ దగ్గర ఎల్‌కేజీ పిల్లల లెక్క కూర్చొని బొమ్మలకు రంగులేస్తరు. ఆ తోసిన చింపాంజీయే తర్వాత మెదడు పెరిగి, మోజో జోజో అనే విలనై, పట్నాన్ని ఏలుతనని ఎగబడుతది. అంతే. చదివినాయన మిగతాది నీ వెంట వస్తడు.

ఇప్పుడు అసలు జబ్బు కాడికి వస్త. నలుగురైదుగురు కాదు, మొత్తం హాస్టలును అడిగినవు. ఎవరు ఇష్టం అని అడిగినవు, ఎందుకు అని అడిగినవు, వచ్చిన జవాబులు వరుసగా రాసినవు. ‘బటర్‌కప్ డేర్‌గా ఉంటది కాబట్టి’ అని పన్నెండు చోట్ల ఉన్నది. ‘బబుల్స్ క్యూట్’ అని అంతకంటే ఎక్కువే. ఇవి అబద్ధాలు కావు. కానీ ఇవి ఆ పిల్లల మాటలు కావు, ఆ పిల్లల నోట్లో ముందే ఉన్న మాటలు. నా దగ్గర ఇట్లాంటి ఒక పిల్ల మాట ఉన్నది. రాసి చూపిస్త, చూడు.

అప్పుడు మేము నక్కలగుట్ట దిక్కు కిరాయికుండేది. మా బిడ్డకు ఏడేండ్లు. పక్క వాటాలో ఉన్నోళ్లు కొత్తవాడ నుంచి వచ్చిన్రు, ఇంటాయన జంపకానాలు నేసేటోడు. వాళ్లకు ముగ్గురు ఆడపిల్లలు. పెద్దది బడిలో ఎప్పుడూ ఫస్టు. చిన్నది పాడితే వాడకట్టు మొత్తం ఆగి వినేది, బతుకమ్మ వస్తే ఆ పిల్లనే ముందుకు తోసేది. నడిమి పిల్ల గురించి ఎవరూ ఏమీ అనేది కాదు. ఎండకాలం సెలవుల్లో వీళ్లు, మా బిడ్డ కలిసి తువ్వాలలు భుజానికి కట్టుకొని గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు ‘ఎగిరేది’. రోజూ కొట్లాట. నేను బబుల్స్ అంటే నేను బబుల్స్ అని. బటర్‌కప్ రంగు ఆకుపచ్చ, ఆ ఆకుపచ్చ తువ్వాల మాత్రం నడిమి పిల్లది. ఎవరికీ ఇయ్యకపోయేది. ఒకరోజు ఎవరో గుంజుకుంటే గోడకు ఆనుకొని కూర్చొని, రాత్రి అన్నం కూడ తినలేదట.

తెల్లారి నేను కూరగాయలు తరుగుతుంటే వచ్చి గుమ్మంలో కూర్చున్నది. చేతుల ఆరెంజి ఐసు. నేనడిగిన, ‘గా బటర్‌కప్ అంటే గంత పానమెందుకే నీకు’ అని. డేర్ అనలేదు, స్టైల్ అనలేదు. ‘బ్లాసమ్ నోట్లకెళ్లి మంచు ఊదుతది ఆంటీ. బబుల్స్ జంతువులతోని మాట్లాడుతది. బటర్‌కప్‌కు స్పెషల్ ఏం లేదు’ అన్నది. అది నిజంగ ఉన్న ఎపిసోడే. అక్కకొకటి, చెల్లెకొకటి ప్రత్యేకంగ చేతనైతది, బటర్‌కప్ అన్నీ ప్రయత్నించి చూస్తది, ఒక్కటీ రాదు. ఆఖరుకు ఆమెకు మాత్రమే చేతనయ్యేది ఒకటి బయటపడుతది: నాలుకను గొట్టం లెక్క మడవడం. ఇంత చెప్పి ఆ పిల్ల ఐసు పక్కకు జరిపి నాలుక బయటపెట్టింది. ఆరెంజి రంగెక్కిన చిన్న నాలుక, రెండు అంచులు పైకి లేచి గుండ్రంగ మడుచుకున్నది. అట్లనే పట్టుకొని కండ్లు పెద్దగ చేసి నా దిక్కు చూసింది. తర్వాత లోపలికి తీసుకొని అన్నది: ‘మా అక్కకు రాదు. చెల్లెకు గూడ రాదు.’

బిడ్డా, ఆ పిల్ల చెప్పింది కూడ అభిప్రాయమే. నీ పన్నెండు ‘డేర్’ల పక్కన పెట్టి చూడు. ఆమె చెప్పినదాంట్లో ఒక ఎపిసోడ్ ఉన్నది, ఒక ఇల్లు ఉన్నది, ఇద్దరు తోబుట్టువుల నడుమ నలిగిన ఒక పిల్ల ఉన్నది. కార్టూన్ తీసినవాళ్లు అది నవ్వులకని తీసి ఉంటరు. నాలుక మడవడం సూపర్‌పవరేంది? కానీ కాలిఫోర్నియాలో ఎవరో నవ్వుకుంట గీసిన ఆ సీను, హన్మకొండలో ఒక పిల్ల మెడను కొంచెం నిటారుగ నిలబెట్టింది. తేలికగ ఉన్న కథ చేసే పని ఇది. బరువైన మాట చెప్తే ఆ వయసు పిల్ల వినకపోవును.

అందుకని మళ్లా అడుగు. అందర్నీ కాదు, ముగ్గురినో నలుగురినో. ‘నీకు ఎవరిష్టం’ అని అడగకు. ‘నీకు గుర్తున్న సీను ఒకటి చెప్పు’ అను. చెప్తున్నప్పుడు నడుమ ఆపకు. ‘అప్పుడు ఎవరింట్ల చూసినవు, పక్కన ఎవరున్నరు’ అని అడుగు. నోట్‌బుక్కు సంచిలోనే ఉండనియ్యి. పుస్తకం తెరిస్తే మనుషులు పేపరోళ్ల ముందు మాట్లాడినట్టు మాట్లాడుతరు.

తొమ్మిదో పేజీలో నీకు తెలియకుండనే ఒక మంచి మాట దొరికింది. దాని పక్కన నేను పెన్సిలుతో చుక్క పెట్టిన. నీ రూమ్మేట్ అన్నదట, ‘బబుల్స్ ఏడుస్తది గానీ పారిపోదు’ అని. నువ్వు దాన్ని మిగతా వాటి నడుమ పడేసి ముందుకు పోయినవు. అక్కడ ఆగాలె. బబుల్స్‌ను అందరూ ఏడుపుగొట్టు అంటరు. అక్కచెల్లెండ్లు కూడ అంటరు. ఒక ఎపిసోడ్‌లో ఆ మాట పడలేక, అభ్యాసం చేసే గదిలో అందరికంటే కష్టమైన స్థాయి పెట్టుకొని కొట్లాడుతది. అంతటితో ఆగదు. పట్నం మీద పడి, చిన్నచిన్న తప్పులు చేసినోళ్లను కూడ చితకబాదుతది. మెత్తనిదానివని ఒక పిల్లను పదేపదే అంటే ఏమైతదో ఆ ఎపిసోడ్ చూపిస్తది. నీ రూమ్మేట్‌కు అది గుర్తుండే ఆ మాట అన్నదేమో అడుగు. లేకుంటే ఆమె కూడ ఏడ్చి, పారిపోకుండ నిలబడిన రోజొకటి ఉన్నదేమో. చెప్తే చెప్తది, చెప్పకుంటే బలవంతం చేయకు. అచ్చులో ఆమె పేరు మాత్రం రాయకు.

బొమ్మల గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. అభిమానుల అభిప్రాయమంటే కథ గురించే అనుకున్నవు. కన్ను ముందు చూసేది గీతను. నేనొకసారి చేర్యాల పోయి, కథల పటాలు గీసే నకాశీ వాళ్ల ఇంట్లో పొద్దంత కూర్చున్న. బట్టకు గంజి, సుద్ద పట్టించి గట్టి చేసి, దాని మీద ఎర్ర నేల పరిచి బొమ్మలు వేస్తరు. పటాన్ని అరలు అరలుగ చేస్తరు, ఒక్కో అరలో కథ ఒక్కో అడుగు నడుస్తది, అంచులకు పూలు. కూనపులి వాళ్లు అట్లాంటి పటం చూపిస్తనే పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్తరు. పటం విప్పుకుంట పోతుంటే కథ కదులుతది. దూరాన కూర్చున్నోళ్లకు కూడ ఇది ఎవరో గుర్తు పట్టాలె గదా, అందుకని గీత మందం, రంగు గట్టి, కండ్లు పెద్దవి. పవర్‌పఫ్ బొమ్మల్లో కూడ అదే చూసిన. నల్లటి మందం గీత, ఒకరికి గులాబీ రంగు, ఒకరికి నీలం, ఒకరికి ఆకుపచ్చ. ముక్కు చెవులు తీసేసిన్రు. వేళ్లు కూడ తీసేసి చేతులను గుండ్రటి మొద్దులు చేసిన్రు. ఇన్ని తీసేసినా ఆ కండ్లలో కోపం, బాధ, దొంగచూపు అన్నీ కనిపిస్తయి. మా గల్లీ పిల్లలు బొగ్గుతోని గోడ మీద ఆ ముగ్గురినీ గీసేది. గీయడానికి చేతనైతది కాబట్టే ‘మావాళ్లు’ అనుకున్నరు. ఈ ముక్క నీ వ్యాసంలో ఎక్కడనన్న పెట్టు, నాదని చెప్పే పని లేదు.

ఇంకో బొమ్మ సంగతి. మిస్ బెల్లమ్. మేయరు దగ్గర పనిచేసే ఆమె. పేరు వింటేనే మా పిల్లలు బెల్లం బెల్లం అని నవ్వేది. పాత సీరియల్లో ఆమె ముఖం కనిపించకుండనే కథ నడిపిన్రు, జుట్టు అడ్డమో, తెర అంచు అడ్డమో. పట్నాన్ని నడిపే తెలివి ఆమెది, కుర్చీ మేయరుది. ఆయనకు ఊరేసిన దోసకాయల సీసా మీద ఉన్న ధ్యాస ఊరి మీద ఉండదు. (మా పిల్లలు అది మామిడికాయ తొక్కు అనుకున్నరు. నేను దిద్దలేదు.) 2016లో మళ్లా కొత్తగ తీసినప్పుడు మిస్ బెల్లమ్‌ను తీసేసిన్రు. ఈ కాలంలో ఇయ్యదలుచుకున్న సందేశానికి ఆమె సరిపోదన్నట్టు చెప్పిన్రు. ముగ్గురు పిల్లల గొంతులూ మార్చిన్రు. పాత అభిమానులకు మస్తు కోపమొచ్చింది. నువ్వు కూడ పదకొండో పేజీలో ‘కొత్తది చెత్త’ అని రాసి కింద గీత కొట్టినవు.

ఆ మాట కొట్టేయి. నీ కోపం తప్పని చెప్త లేను. కోపం ఉన్నచోట చెత్త అన్న మాట పెడితే, నీకు పోయిందేందో చదివేటోళ్లకు తెల్వదు. పోయింది మిస్ బెల్లమ్. ఆమె ఒంటి తీరును అట్ల గీయడం బాగలేదని అనేటోళ్ల మాటలో న్యాయమున్నది. బాగలేకుంటే తీరు మార్చి గీయొచ్చు గదా, ఊరిని నడిపే ఆడమనిషిని మొత్తానికే లేపేస్తరా అన్నోళ్ల మాటలో ఇంకా ఎక్కువ న్యాయమున్నదని నా అభిప్రాయం. ఇట్ల రాస్తే నీ కోపానికి కాళ్లొస్తయి. ఇంకొకటి కూడ ఆలోచించు. మా మనుమరాలికి కొత్తదే ఇష్టం. ఆమె మొదట చూసింది అదే. ఆమె దగ్గర నుంచి ఎవరూ ఏమీ గుంజుకోలేదు. ఆమె ఇష్టాన్ని తప్పనడానికి నీకు గానీ నాకు గానీ హక్కు లేదు. అట్లాంటి చిన్న పిల్ల మాట ఒకటి నీ వ్యాసంలో ఉండాలె.

విలన్ల పేజీ బాగుంది, ముట్టుకోకు. మోజో జోజో ఒకే మాటను నాలుగు తీర్ల తిప్పితిప్పి చెప్తడని రాసి, మీ హాస్టల్ పిల్ల ఆ తీరులో ఉప్మా అడిగిన ముచ్చట పెట్టినవు. అక్కడ నేను పైకే నవ్విన. ‘హిమ్’ అనే విలనంటే చిన్నప్పుడు దుప్పటి కప్పుకునేదాన్ని అన్నావిడ మాట కూడ ఉండనియ్యి.

విదేశీ కార్టూన్ మీద కాకుండ మనదాని మీద రాస్తే నయమా అని అడిగినవు. హైదరాబాదులో తయారైన ఛోటా భీమ్ 2008 నుంచి వస్తున్నది, మీ తమ్ముళ్ల వయసువాళ్లు దాంతోనే పెరిగిన్రు. దాని మీద వాళ్లు రాస్తరు. నువ్వు చూసింది నువ్వు రాయి.

భాష గురించి నాకు కొంచెం బాధ కలిగింది. నీ చిన్న ఉత్తరంలో ఉన్న తెలుగు వేరు, వ్యాసంలో ఉన్న తెలుగు వేరు. వ్యాసంలో ‘ప్రేక్షకుల మనసులను దోచుకున్నాయనడంలో అతిశయోక్తి లేదు’ అంటవు, ‘అభిమానులు భావిస్తున్నారు’ అంటవు. మీ హాస్టల్లో ఏ పిల్లయినా భావించిందా? అన్నది, అలిగింది, దిండు విసిరింది. ఆ మాటలే పెట్టు. ఈ అలవాటు నీకెక్కడ వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ దెబ్బ నేనూ తిన్న. ఆ ఆకుపచ్చ తువ్వాల పిల్ల ముచ్చటను అప్పట్లో ఒక పత్రికకు రాసి పంపిన. అచ్చయి వచ్చినంక చూస్తే నాలుక లేదు, ఐసు లేదు, ‘మా అక్కకు రాదు’ లేదు. వాటి జాగాలో ‘చిన్నారులు ఈ కార్యక్రమాన్ని ఎంతగానో ఆదరిస్తున్నారు’ అని ఒక్క వాక్యం ఉన్నది. పోయి అడిగితే, పిల్ల మాటలు పత్రిక స్థాయికి తగవన్నరు. నేను ఎదురు చెప్పలేదు. చెప్పకపోగా తర్వాత రెండు మూడేండ్లు నేనే అట్ల రాసి పంపిన, కోత పడకుండ ఉంటదని. ఆ రెండు మూడేండ్ల రాతల్లో ఇప్పుడు తిరిగి చదువుకునేది ఒక్కటీ లేదు. నీ పదహారు పేజీల్లో అదే వాక్యం, ఇంచుమించు అవే మాటలతోని కనిపించేసరికి పెన్సిలు కింద పెట్టి కొంచెంసేపు ఊకే కూర్చున్న. నువ్వు ఆ మూడేండ్లు పోగొట్టుకోవద్దు.

ఇక ఉత్తరం సంగతి, బ్లాసమ్ సంగతి. రెండూ ఒక్కటే.

నీ పదహారు పేజీల్లో బటర్‌కప్‌కు నాలుగు పేజీలిచ్చినవు, బబుల్స్‌కు మూడున్నర. బ్లాసమ్‌కు నాలుగు వాక్యాలు. నాయకురాలు, తెలివైనది, క్రమశిక్షణ గలది, అభిమానులకు బోరు. అంతే. బోరా? ప్రొఫెసరుకు ఫాదర్స్ డే నాడు గోల్ఫ్ కర్రలు కానుకియ్యాలని మనసు పడి, కొనే పైసలు లేక, దొంగతనం చేసింది ఈ బ్లాసమే. చేసి, నేరాన్ని మోజో జోజో మీదికి తోసింది కూడ. ఎప్పుడూ తప్పు చేయని పిల్ల చేసిన తప్పు అది, అదీ నాయిన ముఖంలో సంతోషం చూద్దామని. మిగతా ఇద్దరు ఏడ్వొచ్చు, అలగొచ్చు, తన్నుకోవచ్చు. వాళ్ల నడుమ నిలబడి ‘ఇప్పుడు ఇట్ల చేద్దాం’ అని చెప్పే పని ఆమెది. ఆమెకూ అంతే వయసు, ముగ్గురూ ఒక్క గడియలో పుట్టినోళ్లే. ఆ పెద్దరికాన్ని ఆమెకు ఎవరిచ్చిన్రు?

ఇది చదువుతున్నప్పుడు నాకు నీ ఉత్తరం యాదికొచ్చింది. మళ్లా తీసి చదివిన. ‘మేము ముగ్గురం, నేను పెద్దదాన్ని’ అని రాసినవు. ‘సాయంత్రం మాకు కరెంటు కోత ఉండేది, సరిగ్గ ఫైటింగు మొదలైనంకనే పోయేది, చెల్లెండ్లు ఏడుస్తుంటే మిగతా కథ నేనే చెప్పేదాన్ని’ అని రాసినవు. వ్యాసం బాగలేకుంటే క్షమించండి అన్న మాటకు ముందు, ఏదో జాగా మిగిలితే నింపినట్టుగ రాసినవు ఆ వాక్యం.

బిడ్డా, మీ హాస్టలు మొత్తం చెప్పినదాంట్లో లేనిది అందులో ఉన్నది. ప్రతి ఎపిసోడ్ చివర, ఈ రోజు కూడ గండం గడిచింది, ఆ ముగ్గురి పుణ్యమా అని ఒక గొంతు చెప్తది చూడు, మీ ఇంట్లో ఆ గొంతు నీదే. చీకట్ల, కందిలి ముట్టించే లోపల, ఇద్దరు పిల్లలు ఏడుస్తుంటే పట్నాన్ని కాపాడే పని నీ మీద పడ్డది. నువ్వు చూడని ఆఖరును నువ్వే పుట్టించినవు. మరి అట్లాంటి పిల్లవు, ముగ్గురిలో పెద్దదానికి నాలుగు వాక్యాలిచ్చి బోరు అని ఎట్ల దాటిపోయినవు?

వ్యాసాన్ని పక్కన పెట్టు, చింపకు. కొత్త కాగితం తీసుకో. శీర్షిక పెట్టకు. అభిమానులు అన్న మాట రాయకు. బతుకమ్మ పండుగకు ఎట్లాగూ ఇంటికి పోతవు గదా, చెల్లెండ్లను కూర్చోబెట్టుకొని అడుగు. వాళ్లకు ఏ ఆఖరు గుర్తున్నదో, టీవీలోదా, నువ్వు చెప్పినదా. పెద్ద చెల్లె ఒకటి చెప్తది, చిన్నది కాదంటది. ఇద్దరూ చెప్పినది రాసుకొని నాకు పంపు. ఎన్ని పేజీలైనా సరే.

నాకు మాత్రం ముందుగ ఒక కార్డు ముక్క మీద ఇది రాయి: కరెంటు పోయిన మొదటి రోజు, మోజో జోజో చేతిల నుంచి వాళ్లను ఎట్ల బయటికి తెచ్చినవు?

మీ పెద్దమ్మ